నోటిఫికేషన్ లేని ఉద్యోగం

లక్సెట్టిపేటలో బస్సెక్కి జన్నారం వైపు వెళ్లారా ఎప్పుడైనా? జన్నారం దగ్గరపడేకొద్దీ రోడ్డు పక్కన టేకు చెట్లు మొదలవుతాయి. ఆ అడవి సర్కారుది. కానీ ఇవతల మన ఊళ్లలో, పొలం గెట్ల మీద నిలబడ్డ టేకు మాత్రం మనది. మీ బాపో, మీ తాతో ఎప్పుడో నాటి ఉంటారు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. ఆ గెట్టు మీది చెట్టులో కలప ఎంత ఉంటుంది? చెప్పగలరా?

నేను చెప్పలేకపోయాను. ఇంజినీరింగ్ అయిపోయి, ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన రోజులవి. మా పెద్దబాపు టేకు చెట్లు కొనడానికి ఒక వ్యాపారి వచ్చాడు. గెట్టు వెంట ఒకసారి నడిచి, అన్నిటికీ కలిపి గుత్తగా ఒక రేటు చెప్పాడు. పెద్దబాపు నా వైపు చూశాడు. నాలుగేళ్లు లెక్కలు చదివిన నేను ఫోన్ వైపు చూశాను. బేరం కుదిరిపోయింది.

తర్వాత దీని గురించి చదువుతుంటే ఒక పేరు తగిలింది. గిఫర్డ్ పిన్షో. చెట్లున్న యజమాని దగ్గరికి వెళ్లి, కొలిచి, లెక్క కట్టి, ఏది నరకాలో ఏది ఉంచాలో చెప్పి ఫీజు తీసుకోవడాన్ని అమెరికాలో ఒక వృత్తిగా నిలబెట్టిన మనిషి. ఆయన ఆ పనికి దిగినప్పుడు దానికి నోటిఫికేషన్ లేదు, సిలబస్ లేదు, కోచింగ్ సెంటర్ అసలే లేదు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మీకు ఆయన జీవితం పనికొస్తుందని నాకు అనిపించింది.

తండ్రి అడిగిన ప్రశ్న

పిన్షో 1865 ఆగస్టు 11న కనెక్టికట్ రాష్ట్రంలోని సింస్‌బరీలో పుట్టారు. కలిగిన కుటుంబం. తండ్రి జేమ్స్ న్యూయార్క్‌లో వాల్‌పేపర్లు, ఇంటి అలంకరణ సామగ్రి అమ్మి బాగా సంపాదించారు. అంతకు ముందు తరం పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్ దగ్గర కలప వ్యాపారం చేసింది. అడవి కొనడం, నరకడం, అమ్మడం, ఇంకో అడవికి వెళ్లడం. అప్పట్లో అమెరికాలో అందరూ చేసింది అదే. అలా బోడిగా మిగిలిన కొండలను చూసే జేమ్స్‌కు మనసు మారిందంటారు. 1885లో కొడుకు యేల్ యూనివర్సిటీలో చేరబోతుంటే, నువ్వు ఫారెస్టర్ అయితే ఎలా ఉంటుందని అడిగారు.

మన ఇళ్లలో ఇలా అడిగే తండ్రి ఉంటాడా? డీఎస్సీనా, గ్రూప్సా, సాఫ్ట్‌వేరా అని అడుగుతారు. అవన్నీ ఉన్న ఉద్యోగాలు. జేమ్స్ అడిగింది అప్పటికి ఆ దేశంలో దాదాపు లేని ఉద్యోగం గురించి. ఆ చదువు చెప్పే కాలేజీ కూడా అమెరికాలో లేదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. ఆయనకు ఇంట్లో డబ్బుంది. రెండు మూడేళ్లు జీతం రాకపోయినా నడుస్తుంది. మీకూ నాకూ ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఆయన ధైర్యాన్ని కాదు, ఆయన పని చేసిన పద్ధతిని చూద్దాం. దానికి ఆస్తి అక్కర్లేదు.

టేకు నేర్పిన గురువు

1889లో యేల్ చదువు అయిపోగానే పిన్షో యూరప్ వెళ్లారు. జర్మనీలోని బాన్ నగరంలో ఆయనకు దొరికిన గురువు పేరు డీట్రిచ్ బ్రాండిస్. ఈ పేరు మన దేశంలో ఫారెస్ట్రీ చదివిన ఎవరినడిగినా చెబుతారు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులకు అధికారిగా వచ్చి, 1864లో భారతదేశపు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆయన. 1883లో మన దేశం వదిలి వెళ్లారు.

బ్రాండిస్ బర్మాలో మొదట చేసిన పని చెట్లను లెక్కపెట్టడం. ఏనుగు మీద కూర్చుని, అడవి మధ్యగా ఒక గీతలో వెళ్తూ, కనిపించిన ప్రతి టేకు చెట్టునూ మందాన్నిబట్టి తరగతులుగా విడదీసి, చేతిలోని కర్ర ముక్కల మీద గాట్లు పెట్టుకునేవారు. ఒక్కో తరగతికి ఒక్కో కర్ర. ఇప్పటి మన మాటల్లో అది శాంపుల్ సర్వే, ఆ కర్ర ముక్కలే ఎక్సెల్ షీట్. ఎన్ని చిన్న చెట్లున్నాయి, అవి పెద్దవి కావడానికి ఎన్నేళ్లు పడుతుంది, ఏటా ఎన్ని పెద్ద చెట్లు నరికితే అడవి తరగదు. ఇదీ లెక్క. బ్యాంకులో డిపాజిట్ ఉంటే అసలు జోలికి పోకుండా వడ్డీతో బతకడం లాంటిది.

ఈ పద్ధతికి మన జిల్లాలో ఇంకో ముఖం కూడా ఉంది. రిజర్వు అడవుల విధానం నిజాం రాజ్యంలోకీ వచ్చింది. అడవిలో పోడు చేసుకుని బతికే గోండులు, కోలాములు హద్దుల బయట పడ్డారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగింది ఆ భూమి కోసమే. చెట్ల లెక్క సరిగ్గా ఉన్నా మనుషుల లెక్క తప్పితే ఏమవుతుందో మన ఉమ్మడి ఆదిలాబాద్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

బ్రాండిస్ సలహాతోనే పిన్షో ఫ్రాన్స్‌లోని నాన్సీ ఫారెస్ట్ స్కూల్లో చేరారు. స్విట్జర్లాండ్, జర్మనీ అడవులు తిరిగారు. ఇంకా కొన్నాళ్లు ఉండి చదువు పూర్తి చేయమని పెద్దలు చెప్పినా వినలేదు. ఏడాదికి కాస్త ఎక్కువ కాలం చదివి 1890 చివర్లో అమెరికా తిరిగి వచ్చేశారు. కోర్సు సగమే. కానీ అప్పటి అమెరికాలో ఆ సగం కూడా తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

మొదటి క్లయింట్

నార్త్ కరోలినాలోని యాష్‌విల్ దగ్గర జార్జ్ వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడు బిల్ట్‌మోర్ అనే పెద్ద ఎస్టేటు కడుతున్నారు. చుట్టూ కొన్న భూమి చాలావరకు సారం పోయిన చేలు, మంచి చెట్లన్నీ నరికేయగా మిగిలిన అడవి. ఎస్టేటు రూపకల్పన చేస్తున్న ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఈ అడవిని చూసుకోవడానికి పిన్షో పేరు చెప్పారు. 1892 ఫిబ్రవరిలో పని మొదలైంది. అమెరికాలో ఒక అడవిని శాస్త్రీయంగా, ఒక ప్లాన్ ప్రకారం నిర్వహించడం దాదాపు అక్కడే మొదలైందని చెబుతారు.

ఆయన చేసింది ఏమిటో చూడండి. అడవిని భాగాలు చేశారు. ప్రతి భాగంలో ఏ జాతి చెట్లు, ఎంత మందం, ఎంత వయసు అని రాయించారు. వంకర చెట్లు, పుచ్చిన చెట్లు ముందు తీయించి, నేరుగా ఎదిగే చెట్లకు వెలుతురు వదిలారు. ఖర్చెంత, రాబడెంత అని ప్రతిదీ పుస్తకంలో ఎక్కించారు. 1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగితే ఆ మొదటి ఏడాది లెక్కలను చిన్న పుస్తకంగా అచ్చు వేసి జనం ముందు పెట్టారు.

మీరు గిట్‌హబ్‌లో ప్రాజెక్టు పెట్టి రెజ్యూమెలో లింకు ఇస్తారు కదా, ఇది అలాంటిదే. డిగ్రీ సర్టిఫికెట్ కాదు, చేసిన పని చూపించడం.

అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లో ఒక గది తీసుకుని కన్సల్టింగ్ ఫారెస్టర్ అని బోర్డు పెట్టారు. వయసు 28. ఇప్పటి మాటలో ఫ్రీలాన్సర్. బిల్ట్‌మోర్ పని చూస్తూనే ఇతర యజమానులకు సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో విలియం సూవార్డ్ వెబ్ అనే యజమాని అడవికి, స్నేహితుడు హెన్రీ గ్రేవ్స్‌తో కలిసి ప్లాన్ తయారుచేశారు. స్ప్రూస్ చెట్లలో నిర్ణీత మందం దాటినవే నరకాలి, మిగతావి పెరగనివ్వాలి అన్నది దాని సారాంశం. ఆ కొలతలన్నీ 1898లో పుస్తకంగా వచ్చాయి.

అన్నీ గెలుపులే కాదు. బిల్ట్‌మోర్ ఎస్టేటులోని బిగ్ క్రీక్ లోయలో నరికిన దుంగలను వాగు నీటిలో కిందికి వదిలి మిల్లుకు చేర్చాలని పిన్షో ప్లాన్ వేశారు. 1895లో బ్రాండిస్ సిఫార్సుతో జర్మనీ నుంచి వచ్చిన కార్ల్ షెంక్ దాన్ని నడిపించాల్సి వచ్చింది. అది నష్టాల బేరమైందని షెంక్ తర్వాత రాసుకున్నారు. అదే లోయలో కొత్త మొలకలు మాత్రం బాగా లేచాయి. చెట్టు గురించి వేసిన అంచనా నిలిచింది, రవాణా గురించి వేసింది తప్పింది. చెట్లు తెలిస్తే చాలదు, దుంగ రోడ్డెక్కేదాకా అయ్యే ఖర్చు కూడా తెలియాలి. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం ఇదే.

ఖర్చు పంచుకునే సర్కారు

1898 జులై 1న పిన్షో అమెరికా వ్యవసాయ శాఖలోని ఫారెస్ట్రీ విభాగానికి అధిపతి అయ్యారు. పేరు పెద్దదే గానీ ఆ విభాగం చేతిలో అడవి లేదు. సర్కారు రిజర్వు అడవులు వేరే శాఖ కింద ఉన్నాయి. కొద్దిమంది సిబ్బంది, కొద్ది బడ్జెట్. ఇంకొకరైతే రిపోర్టులు రాసుకుంటూ కూర్చునేవారు.

పిన్షో అప్పుడు ప్రైవేటు యజమానుల వైపు తిరిగారు. అదే ఏడాది అక్టోబరులో 21వ నంబరు సర్క్యులర్ వచ్చింది. అందులో విషయం సూటిగా ఉంది. రైతుకు చిన్న అడవి ముక్క ఉంటే మా మనిషి వచ్చి చూసి, ఎలా చూసుకోవాలో ఉచితంగా ప్లాన్ రాసిస్తాడు. పెద్ద అడవి ఉన్న యజమాని అయితే మా మనిషి ప్రయాణం, తిండి, సహాయకుల ఖర్చు భరించాలి, నైపుణ్యం మాది. అడవి మాత్రం యజమానిదే, నిర్ణయమూ యజమానిదే.

మొదటి ఏడాదిలోనే పది లక్షల ఎకరాలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. చేసేవాళ్లేరీ? అందుకని కాలేజీ కుర్రాళ్లను స్టూడెంట్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. చిన్న జీతం, అడవిలో గుడారం, పొద్దున నుంచి సాయంత్రం దాకా చెట్లు కొలవడం. నరికిన మోడు మీద వలయాలు లెక్కపెట్టి ఆ చెట్టు ఏడాదికి ఎంత లావెక్కిందో రాసుకోవడం. మన భాషలో ఇంటర్న్‌షిప్. అలా వచ్చినవాళ్లలో చాలామంది తర్వాత ఆ దేశపు ఫారెస్టర్లయ్యారు. 1900లో పిన్షో కుటుంబం ఇచ్చిన విరాళంతో యేల్‌లో ఫారెస్ట్ స్కూల్ మొదలైంది. అదే ఏడాది నవంబరులో సొసైటీ ఆఫ్ అమెరికన్ ఫారెస్టర్స్ పుట్టింది, మొదటి అధ్యక్షుడు ఆయనే. పదేళ్ల కింద లేని ఉద్యోగానికి ఇప్పుడు కాలేజీ ఉంది, సంఘం ఉంది.

ఓడిన వాదన

ఇక్కడిదాకా చదివి ఇది విజయగాథ అనుకోకండి. రాసిచ్చిన ప్లాన్లలో చాలా వాటిని యజమానులు బీరువాలో పెట్టేశారు. కలప ధర పెరిగితే ప్లాన్ పక్కకు పోయేది. నిప్పు అంటుకుంటే ముప్పై ఏళ్ల పెంపకం ఒక్క రోజులో పోయేది. ఉచితంగా వచ్చిన సలహాకు విలువ ఎంత ఇస్తామో మనకూ తెలుసు.

1905 ఫిబ్రవరిలో సర్కారు అడవులన్నీ పిన్షో విభాగానికి బదిలీ అయ్యాయి, అది ఫారెస్ట్ సర్వీస్ అయింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అండతో జాతీయ అడవులు బాగా పెరిగాయి. ఆయన దృష్టి అటు మళ్లింది. తర్వాతి అధ్యక్షుడు టాఫ్ట్‌తో పడలేదు. అలాస్కా బొగ్గు భూముల వ్యవహారంలో మంత్రి బాలింజర్‌ను బహిరంగంగా తప్పుపట్టినందుకు 1910 జనవరిలో ఉద్యోగం ఊడింది. దేశంలో తన వృత్తికి అతి పెద్ద కుర్చీ, 44 ఏళ్ల వయసులో పోయింది.

1919 నాటికి ఆయన అభిప్రాయం మారింది. సలహాలు, సాయాలు చాలవు, ప్రైవేటు అడవుల నరికివేతను చట్టంతో కట్టడి చేయాలని గట్టిగా వాదించారు. ఆ తర్వాత ఫారెస్ట్ సర్వీస్ అధిపతి అయిన విలియం గ్రీలీ మాత్రం యజమానితో తగువు కాదు, తోడు కావాలన్నారు. 1924లో వచ్చిన క్లార్క్-మెక్‌నారీ చట్టం గ్రీలీ దారిలో నడిచింది. కేంద్రం, రాష్ట్రాలు ఖర్చు పంచుకుని నిప్పు నుంచి అడవులను కాపాడటం, రైతులకు మొక్కలు ఇవ్వడం అందులో ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, గెలిచింది 1898 నాటి పిన్షో, ఓడింది 1919 నాటి పిన్షో.

ఎవరు ఒప్పు? ఒక్క మాటలో తేలదు. సాయం లేకుండా చట్టం ఒక్కటే ఉంటే రైతు చెట్టే నాటడు. అడిగేవాడు లేకుండా సాయం ఒక్కటే ఉంటే మొక్కలు బిల్లుల్లో బతికి, పొలంలో చస్తాయి. ఈ రెండింటి మధ్య నిలబడి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి కావాలి. ఇప్పటికీ అమెరికాలో స్వతంత్ర ఫారెస్ట్రీ కన్సల్టెంట్ల పని అదే. నాటడం, పలుచన చేయడం లాంటి పనులకు సర్కారు కొంత ఖర్చు ఇస్తుంది. చాలా పథకాల్లో అంతకు ముందు రాతపూర్వక ప్లాన్ చూపించాలి.

పిన్షో తర్వాత రెండుసార్లు పెన్సిల్వేనియా గవర్నరయ్యారు. 1923 నుంచి 1927 దాకా ఒకసారి, 1931 నుంచి 1935 దాకా ఇంకోసారి. ఆర్థిక మాంద్యం రోజుల్లో పల్లెలకు రోడ్లు వేయించారు. 1946 అక్టోబరు 4న, 81 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన ఆత్మకథ మరుసటి ఏడాది వెలువడింది.

మరి మన గెట్ల మీద?

మన దేశంలో 2014లో జాతీయ ఆగ్రోఫారెస్ట్రీ విధానం వచ్చింది. 2016-17లో దాని కింద ఒక సబ్ మిషన్ మొదలైంది. పొలంలో, గెట్ల మీద చెట్లు పెంచితే ఖర్చులో సగం సర్కారుది, సగం రైతుది. సర్కారు వాటా నాలుగేళ్లలో 40, 20, 20, 20 శాతాలుగా ఇవ్వాలన్నది నిబంధన. మొక్క బతికిందా లేదా చూసుకుంటూ ఇవ్వడానికే ఈ ఏర్పాటు. తర్వాత ఆ పథకం రూపం మారింది కాబట్టి, ఇప్పటి నిబంధనలను మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి తెలుసుకోండి. నరకాలన్నా నియమాలున్నాయి. మన సొంత పట్టా భూమిలోదైనా టేకు కొట్టడానికి, తరలించడానికి అనుమతి తీసుకోవాలి. జామాయిల్, సుబాబుల్ వేసిన రైతుకు కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు లాంటి కొనుగోలుదారులు ఉన్నారు. అంటే చెట్లున్నాయి, పథకాలున్నాయి, మిల్లులున్నాయి. ఊళ్లో కొలిచి చెప్పే మనిషే తక్కువ.

ఆ కొలత ఎంత కష్టమో చూద్దాం. నరికిన దుంగ మధ్యలో టేపు చుట్టండి. చుట్టుకొలత 36 అంగుళాలు, అంటే 3 అడుగులు అనుకుందాం. దాన్ని 4తో భాగిస్తే 0.75. దాన్ని దానితోనే గుణిస్తే 0.5625. దుంగ పొడవు 10 అడుగులైతే 5.6 ఘనపుటడుగులు. అంతే. కలప వ్యాపారంలో వాడే చుట్టుకొలత పావు సూత్రం ఇదే. ఇంజినీరింగ్ వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. సిలిండర్ ఘనపరిమాణం లెక్కతో పోలిస్తే ఇది 21 శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. చెక్కు, కోత వృథా కింద ఆ తేడా పోతుందన్నది దాని వెనకున్న తర్కం. కాబట్టి ఏ సూత్రంతో కొలిచారో తెలియకుండా రేటు మాట్లాడొద్దు. నిలబడ్డ చెట్టయితే నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే రొమ్ము ఎత్తులో చుట్టుకొలత తీసుకుంటారు. పైకి వెళ్లేకొద్దీ చెట్టు సన్నబడుతుంది కాబట్టి అది అంచనా మాత్రమే.

చదువు దారి కావాలంటే సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లూ అర్హులే, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే జరుగుతుంది. రాష్ట్రంలో బీట్ ఆఫీసర్ నుంచి రేంజ్ ఆఫీసర్ దాకా పోస్టులు పడినప్పుడు పోటీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాటికి చదవండి, తప్పకుండా చదవండి. చదువుతూనే మీ ఊళ్లో పది మంది రైతుల చెట్లు కొలిచి ఒక పుస్తకంలో రాయండి. పిన్షో బిల్ట్‌మోర్‌లో మొదలుపెట్టింది ఇంతకన్నా పెద్ద పనేమీ కాదు.

పెద్దబాపు గెట్టు మీద ఇంకా పదకొండు చెట్లు మిగిలాయి. పోయిన ఎండాకాలం టైలర్ టేపు పట్టుకుని అన్నీ కొలిచాను. నంబర్లు వేసి నోటుబుక్కులో రాసి ఆయన చేతికిచ్చాను. మొన్న ఇంకో వ్యాపారి వచ్చాడు. గెట్టు వెంట నడిచి గుత్తగా రేటు చెప్పబోయాడు. పెద్దబాపు లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చాడు. బేరం ఇంకా తెగలేదు. కానీ ఈసారి మాట్లాడుకుంటున్నది చెట్టు లెక్కన కాదు, అడుగు లెక్కన.